అగ్రౌండా, అడ్రిఫ్టా?

పిచ్చికని పెంచింది వాళ్లక్క. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. అక్క అప్పుడే కాలేజీలో చేరింది. తండ్రి ఉన్నాడన్న పేరే గానీ, రేవులో మూటలు దించి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే మళ్లీ పొద్దున్నే లేవడం. ఇంట్లో ఎవరు తిన్నారో ఎవరు ఏడ్చారో ఆయనకి పట్టేది కాదు.

ఆ పిల్లాడికి తిండి పెట్టడమంటే పెద్ద యుద్ధం. నాలుగు మెతుకులు గింజల్లా ఏరుకుని కంచం నెట్టేసేవాడు. అందుకే పిచ్చిక అన్న పేరు వచ్చింది, అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది. ఇంకో ముద్ద తినరా అంటే "కాదూ" అని దీర్ఘం తీసేవాడు. వద్దు అనాలిరా, కాదు అనకూడదు అని అక్క దిద్దేది. వాడికి అన్నిటికీ అదొక్కటే మాట. నిద్రపోతావా అంటే కాదూ. స్నానం చేస్తావా అంటే కాదూ. మీసాలొచ్చాక కూడా ఆ దీర్ఘం పోలేదు.

అక్క చదువు పూర్తి చేసి, ఓడల్లో పనికి కుర్రాళ్లని తయారుచేసే శిక్షణ స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. రేవు కార్యాలయంలో రేడియో ఆపరేటరుతో పెళ్లయింది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని సముద్రం మీదున్న ఓడలతో మాట్లాడటం ఆయన ఉద్యోగం. మితభాషి. "పనిలో మాట్లాడేది చాలు, ఇంట్లో నీ వంతు" అనేవాడు పెళ్లాంతో. ఆవిణ్ణి ఇంట్లో కూడా టీచరమ్మా అనే పిలిచేవాడు.

పెళ్లికూతురి వెనకే పిచ్చిక కూడా ఆ ఇంటికి వచ్చాడు. అత్తగారు కొన్నాళ్లు సణిగింది. ఆపరేటరు మాత్రం ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. పాత రేడియోలు విప్పి బాగుచెయ్యడం ఆయన సరదా. వాడు పక్కన కూర్చుని మరలు అందించేవాడు. పని చేస్తున్నంతసేపూ ఇద్దరూ ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునేవాళ్లు. వాడు గట్టిగా నవ్వితే ఆయన పెదవి చివర మాత్రం కదిలేది. పిల్లలు లేని ఇంట్లో ఆ సందడితో అక్కకి ప్రాణం లేచొచ్చినట్టుండేది.

ఓడ మీద పనికి వెళ్తానని పిచ్చిక పట్టుబట్టాడు. ఈత, ముళ్లు వెయ్యడం, తాళ్లు లాగడం అన్నిట్లోనూ ముందుండేవాడు గానీ ఇంగ్లీషు పరీక్ష దగ్గర బోల్తా పడ్డాడు. టీచరమ్మ తమ్ముడు ఇంగ్లీషులో తప్పాడని స్కూలంతా నవ్వారు. అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ వేసవంతా వంటగదిలో, కూరగాయలు తరిగే బల్ల మీదే వాడికి పాఠం చెప్పింది.

వాడికి కొరుకుడు పడని మాటలు రెండున్నాయి. అగ్రౌండ్, అడ్రిఫ్ట్. రెండిట్లోనూ ఓడకి కష్టమే వచ్చింది కదా, రెండు మాటలెందుకని వాడి గొడవ.

అక్క పీట మీద ఉల్లిపాయ పొట్టు పోసి, అది ఇసుకమేట అనుకోమంది. గరిటెని దాని మీదికి తోసింది. అడుగు నేలకి తగిలి ఓడ ఇరుక్కుపోతే అగ్రౌండ్. గట్టిగా నిలబడే ఉంటుంది, కదలదు. తర్వాత అదే గరిటెని గిన్నెడు నీళ్లలో వదిలేసింది. ఇంజనూ లేదు, లంగరూ లేదు, పట్టుకునేదేమీ లేక గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతే అడ్రిఫ్ట్. ముందున్న ఆ 'అ'కి పాతకాలంలో 'మీద' అని అర్థమట. ఒకటి నేల మీద ఉండటం, ఇంకోటి కొట్టుకుపోవడం మీద ఉండటం.

"మరి వ్యాకరణంలో ఏమిటివి?" అన్నాడు వాడు. పరీక్షలో అదీ అడుగుతారు.

రెండూ విశేషణాలే, క్రియావిశేషణాలుగానూ పనిచేస్తాయని చెప్పింది. కానీ మామూలు విశేషణాల్లా నామవాచకం ముందు కూర్చోవు. మన భాషలో 'కొట్టుకుపోతున్న ఓడ' అంటాం. ఇంగ్లీషులో అడ్రిఫ్ట్‌ని తెచ్చి ఓడకి ముందు పెడితే తప్పు. ఓడ ముందు, ఆ మాట వెనక.

"పెద్దవాళ్ల ముందు కుర్చీ ఎక్కని పిల్లల్లాగా," అన్నాడు పిచ్చిక.

"అలాగే అనుకో. రెండిటికీ ఉన్న తేడా వాటి పక్కన చేరే క్రియలో ఉంది. ఓడ పరిగెత్తి పరిగెత్తి నేలకెక్కుతుంది కాబట్టి 'రాన్ అగ్రౌండ్' అంటారు. 'రాన్ అడ్రిఫ్ట్' అని ఎవరూ అనరు. పరిగెత్తే శక్తి ఉంటే కొట్టుకుపోవడం ఎందుకు? అక్కడ 'ఈజ్' చాలు."

వాడు కాసేపు ఆలోచించి, వసారాలో రేడియో విప్పుకుంటున్న ఆయనకి వినపడేలా అన్నాడు, "అర్థమైందక్కా. బావ పరిగెత్తుకుంటూ వచ్చి నిన్ను పెళ్లి చేసుకున్నాడు. బావ రాన్ అగ్రౌండ్. నాకింకా పెళ్లి కాలేదు. పిచ్చిక ఈజ్ అడ్రిఫ్ట్."

ఆపరేటరు ఆరోజు పైకే నవ్వాడు. ఆ తర్వాత 'రాన్ అగ్రౌండ్' అన్నది వాడి నోట ఒకే మాటగా అతుక్కుపోయింది. విడదీసి అనమన్నా అనేవాడు కాదు. పరీక్షలో ఈసారి మంచి మార్కులే వచ్చాయి.

తీరం వెంబడి రేవు నుంచి రేవుకి సిమెంటూ కలపా మోసే చిన్న సరుకు ఓడలో వాడికి కళాసి పని దొరికింది. వీడి ఇంగ్లీషు పరవాలేదని తెలిశాక, మంచి వాతావరణంలో కెప్టెను అప్పుడప్పుడూ వీడి చేతికే రేడియో ఇచ్చేవాడు. ఇటువైపు బావ డ్యూటీలో ఉంటే, ఇద్దరూ ముక్కూమొహం తెలియనివాళ్లలా ఇంగ్లీషులో గుడ్ మార్నింగులు చెప్పుకుని, ఎక్కడున్నారో ఎప్పుడొస్తారో చెప్పుకునేవాళ్లు. రేడియోలో ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదు. ఇంటికొచ్చాక మాత్రం "నన్ను స్టేషన్ అని ఎంత మర్యాదగా పిలిచావురా" అని ఆయన, "నా జన్మలో నిన్ను సర్ అంటాననుకోలేదు బావా" అని వాడు, అన్నాల దగ్గర ఒకటే నవ్వు.

తుపాను గాలి లేచిన రోజు ఆ ఓడ తిరిగొచ్చే దారిలో ఉంది. మధ్యాహ్నానికి రేవులో జెండాలు చిరిగిపోయాయి. అంతకుముందు అందిన కబురు ప్రకారం ఓడ ఇసుకమేటల దగ్గరికి చేరుతోంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆపరేటరు పిలుస్తూనే ఉన్నాడు. చివరికి గరగరల మధ్య ముక్కలు ముక్కలుగా ఒక గొంతు వినపడింది. అది బావమరిది గొంతని ఆయన గుర్తుపట్టాడు. ఇంజన్ అన్న మాట తెలిసింది. ఎక్కడున్నారో చెప్పిన అంకెలు తెలియలేదు. ఆ తర్వాత "షిప్ ఈజ్ అ..." అని వచ్చి, మిగతాది గాలి మింగేసింది.

మేటల దగ్గరున్న ఓడ. ఈజ్, ఆపైన అ. ఆయన బుర్రలో అగ్రౌండ్ అన్న మాట అప్పటికే తయారుగా ఉంది. నియమం ప్రకారం విన్నది తిరిగి చెప్పి అడిగాడు, అగ్రౌండేనా అని. గరగరలోంచి "కా..." అని ఒక ముక్క వచ్చింది. కాపీ అన్నాడనుకున్నాడు. విన్నాం, సరే అనడానికి రేడియోలో వాడే మాట అది. ఆ తర్వాత ఎంత పిలిచినా ఓడ పలకలేదు.

ఆయన వెంటనే సహాయక బోట్లని ఇసుకమేటల వైపు పంపించాడు. స్కూలుకి ఫోను చేసి పెళ్లానికి తనే చెప్పాడు. మేటెక్కారు, ఇక మునిగే భయం లేదు, బోట్లు వెళ్తున్నాయి అని. ఆవిడ ఫోను పెట్టేసి స్టాఫ్ రూములో కుర్చీలో కూలబడింది. తోటి టీచర్లు మంచినీళ్లు ఇచ్చారు. కింద నేల ఉంది కదా, పిల్లాడు నిలబడటానికి నేల ఉంది కదా అని వాళ్లకి తనే ధైర్యం చెప్పింది. ఇంటికెళ్లి వాడి పక్క దులిపి, కొత్త దుప్పటి పరిచి, నీళ్లు కాచింది.

మేటల దగ్గర ఓడ లేదు. చీకటి పడేదాకా, మళ్లీ తెల్లవారాక కూడా బోట్లు అక్కడే తిరిగాయి. బయటి సముద్రంలో వెతకాలన్న ఆలోచన వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ మర్నాడు చాలా దూరాన ఒక చేపల పడవ వాళ్లకి చెక్క తెప్ప మీద తేలుతున్న ఇద్దరు దొరికారు. ఒకడు ఇంజను మనిషి, ఒడ్డుకి చేరకముందే పోయాడు. రెండోవాడు ఓడ వంటవాడు. ఇంజను ఆగిపోయిందనీ, ఓడ అసలు నేల తాకనే లేదనీ, గాలి నడిసముద్రంలోకి ఈడ్చుకెళ్లిందనీ, రాత్రి ఎప్పుడో పక్కకి ఒరిగి మునిగిపోయిందనీ ఆసుపత్రి మంచం మీద వాడు చెప్పాడు. కెప్టెను తలకి దెబ్బ తగిలి పడిపోతే రేడియో పట్టుకుంది పిచ్చికే.

పిచ్చిక శరీరం దొరకలేదు. అక్క పరిచిన దుప్పటి అలాగే ఉండిపోయింది. దాన్ని మడతపెట్టడానికి అత్తగారు చెయ్యి వేస్తే, అక్క ఆ గది తలుపు దగ్గరికి లాగి తాళం పెట్టింది.

మొగుడూ పెళ్లాల మధ్య మాట సన్నబడిపోయింది. అగ్రౌండ్ అన్న కబురు రేవు నుంచి వెళ్లిందని ఊరంతా తెలుసు. తప్పుగా చెప్పింది వాడా, తప్పుగా విన్నది ఈయనా అన్నదే తేలాలి. విచారణ వేశారు. రేవు తరఫు లాయరు మొదటిరోజే తన వాదన బయటపెట్టాడు. ఇంగ్లీషులో ఒకసారి తప్పిన కళాసి, భయంలో ఒక మాటకి బదులు ఇంకో మాట అన్నాడు, రేవుది తప్పేం లేదు అని. వాడికి పాఠం చెప్పిన టీచరుగా ఆవిణ్ణి సాక్ష్యానికి పిలిచారు.

ముందురోజు అత్తగారు వంటగదిలోకి వచ్చి కోడలి పక్కన నిలబడింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆరోజు బతిమాలింది.

"పోయినవాడు ఎలాగూ రాడమ్మా. ఉన్నవాడి మొహం చూడు. నీ తమ్ముడికి రెండు మాటలకీ తేడా సరిగ్గా తెలీదని ఒక్క ముక్క అంటే, అది వాడికిప్పుడు తగలదు."

కోడలు పొయ్యి కట్టేసింది. వసారాలో ఆయన ఇదంతా విన్నాడు. పొద్దున్న విచారణకి బయల్దేరుతూ చెప్పులేసుకునేటప్పుడు మాత్రం అన్నాడు, "నీకేది నిజమో అదే చెప్పు టీచరమ్మా. నా కోసం వాణ్ణి తక్కువ చెయ్యకు."

విచారణ గది చిన్నది. ఒక పొడుగు బల్ల, ఫ్యాను, కిటికీలోంచి క్రేన్ల చప్పుడు. లాయరు మంచి మర్యాదస్తుడు. ఆమె చేత నెమ్మదిగానే చెప్పించాడు. రెండు మాటలూ ఒకే భాషాభాగమేనా? అవును. రెండూ నామవాచకం వెనకే వస్తాయా? వస్తాయి. 'షిప్ ఈజ్' తర్వాత రెండిట్లో ఏది పెట్టినా వాక్యం తప్పు కాదు కదా?

ఆమెకి అబద్ధం చెప్పడం రాదు. కాదు, తప్పు కాదు, రెండూ సరిపోతాయి అంది.

"అంటే ఒకదాని బదులు ఒకటి పడటానికి అవకాశం ఉంది," అన్నాడు లాయరు.

"వ్యాకరణం ఒప్పుకుంటుందండీ. మా తమ్ముడు ఒప్పుకోడు." నేలకెక్కితే రాన్ అగ్రౌండ్ అనే వాడికి నేర్పాననీ, వాడి నోట అది ఎప్పుడూ ఒకే మాటగా వచ్చేదనీ, ఈజ్ అన్నాడంటే వాడు అనబోయింది రెండోదేననీ చెప్పింది. అది నిజమే అయినా, అక్క మాట సాక్ష్యంగా ఎంతవరకు నిలుస్తుందని లాయరు అడిగాడు. ఆ ప్రశ్నా న్యాయమైనదే. విచారణ అధికారి టేపు పెట్టమన్నాడు.

ఆ టేపు ఆమె అంతకుముందు వినలేదు. వినగలనని అనుకోలేదు కూడా. గరగర మొదలైంది. దాంట్లోంచి వాడి గొంతు వచ్చింది, పరీక్షలో అప్పజెప్పినట్టు ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. ఆమె బల్ల అంచు పట్టుకుంది. తర్వాత భర్త గొంతు, నిదానంగా, స్పష్టంగా, అగ్రౌండేనా అని అడిగింది. ఆ వెంటనే "కా" అని ఒక ముక్క, దాని వెనక గాలి ఊళ.

మళ్లీ పెట్టమంది. పెట్టారు. మూడోసారి అడిగేటప్పటికి ఆమె చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి గానీ మాట మాత్రం స్థిరంగానే ఉంది.

"అది కాపీ కాదండీ. కాదూ అంటున్నాడు. చివర దీర్ఘం గాలిలో కలిసిపోయింది. చిన్నప్పట్నుంచీ వాడు ఏది వద్దన్నా అలాగే అంటాడు. అడిగింది వాళ్ల బావ కదా, అందుకే ఇంగ్లీషు వదిలేసి మన భాషలో అన్నాడు."

అధికారి ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. ఆమె చెప్పాక వింటే అలాగే వినపడింది. లాయరు కాగితాలు సర్దుకుంటూ తల దించుకున్నాడు. ఆపరేటరు వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అటు తిరగలేదు.

బయట వరండాలో ఆయన ఆమె కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కొంతసేపు గోడకి ఆనుకుని నిల్చున్నారు.

"నాకు ఎన్నిసార్లు విన్నా కాపీ అనే వినపడుతోంది," అన్నాడాయన. "వాడు ఎలా అన్నాడో ఒకసారి అను."

ఆమె అనలేనంది. ఆయన మళ్లీ అడిగాడు. చివరికి ఆమె కళ్లు మూసుకుని, పిల్లాడి దీర్ఘంతోనే, "కాదూ" అంది. ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. ఆమె పక్కనే నిలబడి ఉంది. భుజం మీద చెయ్యి వెయ్యాలని ఉంది. చెయ్యి లేవలేదు.

పిచ్చిక మాటలో తప్పు లేదని విచారణలో తేల్చారు. గాలి చప్పుడు వల్ల పొరపాటు జరిగిందనీ, సందేహం ఉన్నప్పుడు రెండువైపులా వెతికించాల్సిందనీ ఆపరేటరుని మందలించి వదిలేశారు. పెద్ద శిక్ష పడుతుందనుకున్న వాళ్లమ్మ ఊపిరి పీల్చుకుంది గానీ, కోడలితో మాట్లాడటం మానేసింది. ఆయన మాత్రం హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టుకోలేకపోయాడు. పెట్టుకోగానే చెమటలు పట్టేవి. తనే అడిగి, ఇంకో రేవులో సామాన్ల గోదాముకి బదిలీ చేయించుకున్నాడు.

ఆయన బయల్దేరే రోజు పొద్దున్న ఓడ వంటవాడు ఇంటికొచ్చాడు. ఇంకా కర్ర సాయంతోనే నడుస్తున్నాడు. ఇన్నాళ్లూ లేవలేకపోయాననీ, లేచిన రోజే వచ్చాననీ చెప్పి, టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పిచ్చిక ఓడలో అందర్నీ ఎలా నవ్వించేవాడో, తను ఎంత వడ్డించినా సగం పక్కవాడి కంచంలో ఎలా వేసేవాడో చెప్పుకొచ్చాడు. అక్క వింటూ నవ్వింది కూడా. ఆపరేటరు ఒక మూల వంగి పెట్టెకి తాడు కడుతున్నాడు.

"ఆరోజు రేడియో గది నుంచి దిగొచ్చాక మీ తమ్ముడే మా అందరికీ ధైర్యం చెప్పాడమ్మా," అన్నాడు వంటవాడు. "అటు పక్క మా బావే ఉన్నాడు, అగ్రౌండా అని అడిగాడు, నేను కాదన్నాను, ఆయన విన్నాడు, ఇక వచ్చేస్తారు అన్నాడు. రేడియో తడిసి ఆగిపోయినా కంగారుపడలేదు. బావకి అర్థమైపోయిందిలే అన్నాడు."

తాడు కడుతున్న చేతులు ఆగాయి. ఆ సంగతి విచారణలో ఎందుకు చెప్పలేదని అక్క అడిగింది. విచారణవాళ్లు ఆసుపత్రికొచ్చి ఇంజను ఎప్పుడు ఆగింది, ఓడ ఎప్పుడు ఒరిగిందని మాత్రమే అడిగారనీ, మిగతాది ఎవరూ అడగలేదనీ అన్నాడు వంటవాడు. ఆ మాట మీదే విచారణ నడుస్తోందని అప్పుడు తనకి తెలియదు. తెప్ప మీద ఒకళ్లకే చోటు మిగిలితే ఇంజను మనిషిని ఎక్కించి, తను పక్కన తాడు పట్టుకుని పిచ్చిక తేలుతూ ఉన్నాడట. ఒక పెద్ద అల వెళ్లాక చూస్తే లేడు.

"భయపడ్డాడా?" అని అడిగాడు ఆపరేటరు, వెనక్కి తిరగకుండానే.

"లేదు సారూ. బోటు ఇటే వస్తుంది చూడండి అంటూనే ఉన్నాడు."

వంటవాడు వెళ్లిపోయాక ఆయన మళ్లీ తాడు అందుకున్నాడు. ముడి పడటం లేదు. వేళ్లు జారిపోతున్నాయి. ఆమె వచ్చి ఆయన చేతుల్లోంచి తాడు తీసుకుని గట్టిగా ముడేసింది. పెట్టెని ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని వీధిలోకి తెచ్చారు. ఆ ఊరికి వస్తావా అని ఆయన అడగలేదు. స్కూలు ఉంది కదా అని ఆమె అనలేదు. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, భోజనం వేళకి చెయ్యమని మాత్రం చెప్పింది.

ఆ తర్వాత వాళ్లు ఒకే ఊళ్లో కాపురం చెయ్యలేదు. విడిపోవడమన్న మాట ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. సెలవులకి ఆయన వస్తాడు, తల్లి మంచం దగ్గర కూర్చుంటాడు, కొళాయి కారుతుంటే బాగుచేస్తాడు. వీలైనంత వరకు ఇద్దరూ కలిసే భోంచేస్తారు. వాడి మాట ఇద్దరూ రానివ్వరు. ఇంట్లో ఫోను మోగితే మాత్రం ఆయన ఎత్తడు. పక్కనే కూర్చుని ఉన్నా అలాగే చూస్తూ ఉంటాడు. ఆమె ఎక్కడున్నా, చేతిలో ఏ పనున్నా వదిలేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి తనే ఎత్తుతుంది.